ఒంట్లో పొయ్యి ఎక్కడుంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల, కణం లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. భీమవరంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని. శ్వాసక్రియ కంటే నాకు ఇష్టమైన పాఠం ఇంకోటి లేదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు అట్టేపెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

శ్వాసక్రియ అంటే గ్లూకోజు మండడమే అని మా సైన్సు సారు చెప్పారు. మరి మనం ఎందుకు కాలిపోవడం లేదు? ఊపిరి పీల్చడం, శ్వాసక్రియ రెండూ ఒకటేనా?
– పదో తరగతి విద్యార్థిని, పాలకొల్లు

ముందు రెండోదానికి చెప్తానమ్మా. ఊపిరి పీల్చడం ఊపిరితిత్తుల పని. శ్వాసక్రియ ప్రతి కణమూ చేసుకునే పని. ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌ను రక్తానికి అప్పజెప్పి, రక్తం మోసుకొచ్చిన కార్బన్ డయాక్సైడును బయటకు పంపుతాయి. అక్కడితో వాటి పని సరి. అసలు వ్యవహారం నీ కాలి బొటనవేట్లో, కనురెప్పలో, ఉత్తరం రాస్తున్నప్పుడు నీ మెదడులో జరుగుతుంది. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, వేపచెట్టుకూ లేవు. రెండూ రాత్రింబవళ్ళు శ్వాసక్రియ చేస్తూనే ఉంటాయి.

ఇక మండడం సంగతి. మీ సారు చెప్పింది లెక్క ప్రకారం నిజమే. నేను క్లాసులో ఇనప గరిటెలో చెంచాడు పంచదార వేసి మంట మీద పట్టుకునేదాన్ని. కరిగి, ఎర్రబడి, నల్లబడి, చివరికి భగ్గున అంటుకునేది. గ్రాముకు దాదాపు 4 కిలో కేలరీల వేడి. అదే గ్రాము పంచదార నువ్వు తిన్నా నీ ఒంట్లో విడుదలయ్యేది అంతే. రెండిట్లోనూ చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీళ్ళు. లెక్క ఒకటే, దారి వేరు.

కణం గ్లూకోజును ఒక్కసారిగా ముట్టించదు. ముందు మైటోకాండ్రియా బయటే, కణద్రవ్యంలో, పది అంచెల్లో దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. దీన్నే గ్లైకాలసిస్ అంటాం. ఈ పది అంచెల్లో ఒక్కదానికీ ఆక్సిజన్ అక్కర్లేదు. ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్ళాక ఒక చక్రంలో పడి తిరుగుతాయి. ఈ దారిలో వాటి కార్బన్లన్నీ ఒక్కొక్కటిగా కార్బన్ డయాక్సైడుగా రాలిపోతాయి. ఆ చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ కనిపెట్టాడు. ఆయన పంపిన వ్యాసాన్ని ‘నేచర్’ పత్రిక వేసుకోలేకపోయింది. వేరే పత్రికలో వేయించుకున్నాడు. 1953లో ఆ పనికే నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మనం పీల్చిన ఆక్సిజనే గ్లూకోజులోని కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా బయటకొస్తుందని దాదాపు అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. పీల్చిన ఆక్సిజన్ ఆ కార్బన్‌ను తాకనైనా తాకదు. అది నీరవుతుంది.

స్లాబు వేసేటప్పుడు చూశావా? కిందినుంచి మేడ మీది దాకా కూలీలు వరసగా నిలబడి, కాంక్రీటు తట్టలు చేతి నుంచి చేతికి అందించుకుంటారు. పైన చివర నిలబడ్డ మనిషి తట్ట అందుకుని కుమ్మరిస్తాడు. అతను ఒక్క క్షణం ఆగితే వరసంతా చేతుల్లో తట్టలతో నిలబడిపోవాల్సిందే. మైటోకాండ్రియా లోపలి పొర మీద అలాంటి వరస ఒకటి ఉంది. గ్లూకోజు ముక్కల నుంచి ఊడదీసిన ఎలక్ట్రాన్లను ఒక ప్రోటీను ఇంకో ప్రోటీనుకు అందిస్తూ పోతుంది. ప్రతి చేతి మార్పులోనూ కొంచెం శక్తి బయటపడుతుంది. చిట్టచివర నిలబడి అందుకునేది ఆక్సిజన్. ఎలక్ట్రాన్లతోపాటు హైడ్రోజన్‌నూ కలుపుకుని నీటి బొట్టవుతుంది. శక్తి ఇలా కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టే మనం కాలిపోం. చివరి మనిషి లేకపోతే ఏమవుతుందో కూడా నీకే తెలుస్తోంది. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే మెదడు దెబ్బతినేది ఇందుకే. సైనైడు విషం చేసేదీ అదే. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా, చివరి ప్రోటీను దాన్ని వాడుకోకుండా అడ్డం పడుతుంది.

ఇంట్లో ఒక పని చేసి చూడు. గుప్పెడు పెసలు రాత్రంతా నానబెట్టి, మొలక కట్టనివ్వు. ఇంకో గుప్పెడు నానబెట్టి ఉడికించి చల్లార్చు. రెండిటినీ వేరువేరు ఫ్లాస్కుల్లో వేసి, థర్మామీటరు పెట్టి, మూతికి దూది కుక్కు. ఆ థర్మామీటరు జ్వరం చూసేది కాకూడదు, ల్యాబులో వాడేది కావాలి. మర్నాడు చూడు. నేను చేసినప్పుడల్లా మొలకల ఫ్లాస్కు ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ చూపించేది. పొయ్యి లేదు, నిప్పు లేదు. ఆ గింజలు బతికి ఉన్నాయి, అంతే. ఉడికినవాటిని ఎక్కువ రోజులు ఉంచకు. వాటి మీద బూజు పట్టిందంటే, ఆ బూజు శ్వాసక్రియకు అవీ వేడెక్కుతాయి.

పగలు మీటరు పెడితే చెరువులో ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంటోంది. తెల్లారేసరికి చేపలు పైకి తేలుతున్నాయి. నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుందంటారు గదా, రాత్రికి రాత్రి అదంతా ఎక్కడికి పోతోంది?
– చేపల రైతు, కైకలూరు

ఆ పచ్చదనమే వాడేస్తోందండీ.

నీళ్ళలో పచ్చగా కనిపించేది కంటికి ఆనని నాచు. మీరు ప్లాంక్టన్ అంటారు. ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ తయారుచేస్తుంది. అదే సమయంలో తన బతుకు కోసం ఆక్సిజన్ వాడుకుంటుంది కూడా. పగలు తయారీ ఎక్కువ, వాడకం తక్కువ కాబట్టి మీ మీటరులో మిగులు కనబడుతుంది. పొద్దు కుంకగానే తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. ప్లాంక్టన్, చేపలు, అడుగున మిగిలిపోయిన మేతను కుళ్ళబెట్టే బాక్టీరియా, అన్నీ కలిసి పన్నెండు గంటలు ఒకే నిల్వ మీద బతకాలి. అందుకే మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు ఆక్సిజన్ ఎక్కువగానూ, సూర్యోదయానికి కాస్త ముందు అతి తక్కువగానూ ఉంటుంది. పచ్చదనం మరీ చిక్కబడిన చెరువు పగలు ఎంత బాగా కనిపిస్తే, తెల్లవారుజామున అంత ప్రమాదం.

నిల్వ ఎంత తక్కువో కూడా తెలుసుకోండి. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల మంచినీళ్ళలో గాలి నుంచి కరిగి నిలిచేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. నీళ్ళు వేడెక్కినకొద్దీ అదీ తగ్గుతుంది. కానీ వేడికి చేప ఒంట్లో శ్వాసక్రియ జోరందుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఆక్సిజన్ అవసరం రమారమి రెట్టింపు. ఎండాకాలం రెండు వైపులా దెబ్బే.

మా మామగారికి రెండెకరాల చెరువు ఉండేది. శీలావతి, బొచ్చె వేసేవారు. ఒక కార్తీకంలో అల్పపీడనం పట్టి మూడు రోజులు సూర్యుడు కనబడలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున కరెంటు లేదు. గట్టు మీది నుంచి ఆయన కేక వినబడి నేనూ పరుగెత్తాను. ముందు నాకు ఒక చప్పుడు వినిపించింది. ఎవరో చాలామంది కూర్చుని వేడి పాయసం జుర్రుకుంటున్నట్టుగా. టార్చి వేస్తే నీటి మీదంతా గుండ్రటి తెల్లని నోళ్ళు, తెరుచుకుంటూ మూసుకుంటూ. నీటికి, గాలికి మధ్య ఉన్న ఆ పలచటి పొరలోనే కాస్త ఆక్సిజన్ మిగిలింది, అవి దాన్ని అందుకుంటున్నాయి. పక్కింటివాళ్ళ డీజిల్ ఇంజను తెచ్చి, బోదెలోంచి నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోసేసరికి ఆరున్నరైంది. పెద్ద చేపలు ముందు పోయాయి. మిగిలినవాటిని దక్కించుకున్నాం. ఆ వారమే క్లాసులో మొక్కల శ్వాసక్రియ ప్రస్తావన వచ్చి చెప్పాను. చెరువుకు నాలుగు రోజుల ముందే ఆ లెక్క వేయగలిగి ఉండి కూడా వేయలేదని ఇప్పటికీ బాధపడతాను. మీరు వేసుకుంటారని ఇంత వివరంగా రాస్తున్నాను.

మీటరు మధ్యాహ్నం పెట్టి సంతోషపడకండి. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టండి. లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగుతుంటేనే మేలుకోవాలి. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించండి. చేప మేత అరిగించుకోవడానికీ ఆక్సిజన్ కావాలి, తినకుండా మిగిలింది కుళ్ళడానికీ కావాలి. ఏరేటర్లు ఉంటే చేపలు తేలాక కాదు, అర్ధరాత్రి దాటగానే వేయండి. జనరేటర్లో డీజిల్ ఉందో లేదో ముందు రోజు సాయంత్రమే చూసుకోండి.

ఒక గ్లూకోజు నుంచి వచ్చే ఏటీపీలు ఒక పుస్తకంలో 38, ఇంకో పుస్తకంలో 36, మా కోచింగ్ మెటీరియల్‌లో 30 లేదా 32. పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఇంటర్ విద్యార్థి, విజయవాడ

పరీక్షలో మీ బోర్డు పుస్తకంలో ఉన్నదే రాయి బాబూ, ఆ విషయంలో వెనకాడకు. కానీ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే నీ టెన్షన్ పోతుంది. ఏటీపీ అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తిని మోసే అణువు.

గ్లూకోజు పూర్తిగా విడిపోయేసరికి ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీహెచ్‌లు 10, ఎఫ్ఏడీహెచ్2లు 2 తయారవుతాయి. నేరుగా వచ్చే ఏటీపీలు 4. పూర్వం ఒక్కో ఎన్ఏడీహెచ్‌కు 3, ఎఫ్ఏడీహెచ్2కు 2 చొప్పున లెక్కేశారు. 30, 4, 4 కలిపితే 38. తరవాత జాగ్రత్తగా కొలిస్తే అవి 3, 2 కావు, దాదాపు 2.5, 1.5 అని తేలింది. అప్పుడు 25, 3, 4 కలిసి 32. ఇక గ్లైకాలసిస్‌లో వచ్చిన రెండు ఎన్ఏడీహెచ్‌లు మైటోకాండ్రియా బయట ఉంటాయి. వాటి ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒక దారిలో నష్టం లేదు, ఇంకో దారిలో ఒక్కోదానికి ఒకటి చొప్పున తగ్గుతుంది. పాత లెక్కలో 36, కొత్త లెక్కలో 30 వచ్చేది ఇందుకే.

అర ఏటీపీ ఎలా తయారవుతుందని అడుగుతావు. ఎలక్ట్రాన్ల వరస నేరుగా ఏటీపీని తయారుచేయదు. ఆ శక్తితో ప్రోటాన్లను లోపలి పొర అవతలికి తోడిపోస్తుంది. అవి అక్కడ డ్యాములో నీళ్ళలా పేరుకుని, తిరిగి రావడానికి ఒకే ద్వారం దొరికితే అందులోంచి తోసుకొస్తాయి. ఆ ద్వారమే ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీను. అది నిజంగానే గిర్రున తిరుగుతుంది. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు. ఒక ఎన్ఏడీహెచ్ పది ప్రోటాన్లను తోడుతుంది, ఒక ఏటీపీకి దాదాపు నాలుగు ఖర్చవుతాయి. పదిని నాలుగుతో భాగించు.

శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి. నీళ్ళు కిందికి దిగుతుంటే కరెంటు ఇస్తాయి. కరెంటు ఇస్తే నీళ్ళు వెనక్కి తోడతాయి. ఏటీపీ సింథేజ్ కూడా అంతే, రెండు వైపులా తిరగగలదు. ఈ ప్రోటాన్ల ఆలోచన 1961లో పీటర్ మిచెల్‌ది. చాలామంది ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. ఇంగ్లండు పల్లెల్లో ఒక పాత బంగళా బాగుచేయించుకుని, అక్కడే చిన్న ప్రయోగశాల పెట్టుకుని పని చేశాడు. 1978లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రోటీను తిరగడాన్ని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి ఒక మెరిసే పోగు అతికించి, మైక్రోస్కోపు కింద కళ్ళారా చూశారు. ఇలాంటి చక్రాలు నీ ఒంట్లో ఎన్ని తిరుగుతున్నాయంటే, రోజుకు తయారయ్యే ఏటీపీ మొత్తం దాదాపు నీ బరువంత ఉంటుంది. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండే ఏటీపీ మాత్రం వంద గ్రాములకు మించదు. తయారవడం, ఖర్చవడం, మళ్ళీ తయారవడం.

మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో ఏటీపీ పాఠం చదువుతోంది. దాన్ని కనుగొన్నది మన తెలుగాయన అని మా నాన్నగారు అంటారు. పుస్తకంలో జర్మన్ పేరే ఉంది. ఏది నిజం?
– ఒక తల్లి, డల్లాస్

రెండూ నిజమేనమ్మా. ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు, ఎవరికి వారుగా కనుగొన్నారు. సుబ్బారావుగారు 1895లో మా భీమవరంలోనే పుట్టారు. మెట్రిక్యులేషను మూడో ప్రయత్నానికి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కింది స్థాయి కొలువు చేశారు.

మీ అమ్మాయికి ఈ ముక్క తప్పక చెప్పండి. ఏటీపీ కంటే ముందు ఆయన, ఫిస్కే కలిసి రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. 1925లో అచ్చయింది. భాస్వరం ఉన్న ద్రవంలో మాలిబ్డేటు, ఇంకో రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఎమ్మెస్సీలో నేనూ చేశాను ఆ ప్రాక్టికల్. పరీక్షనాళికలో ఏ రంగూ లేని నీళ్ళు మెల్లగా నీలం తిరుగుతుంటే, ఆ పద్ధతి పేరులో మా ఊరివాడి పేరు ఉందని ఒళ్ళు పులకరించింది. ఈ పద్ధతిని కండరం రసం మీద ప్రయోగించినప్పుడు రంగు వెంటనే రాలేదు, ఆలస్యంగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారేమో. వీళ్ళు ఆగి, ఎందుకాలస్యమని వెతికారు. భాస్వరం కొంత ఏదో తేలిగ్గా విడిపోయే పదార్థంలో ఇరుక్కుని, ఆమ్లం తగిలాక మెల్లగా బయటకొస్తోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఇది 1927 మాట. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ అప్పుడే అదే పదార్థం చిక్కింది. ఆ దారినే వెళ్తే రెండేళ్ళకు ఏటీపీ దొరికింది.

అప్పటిదాకా కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్లే వస్తుందని నమ్మేవారు. దాని మీద చేసిన పనికి 1922లో హిల్, మేయర్‌హాఫ్‌లకు నోబెల్ కూడా వచ్చింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ ఒక రసాయనంతో కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపేసి చూస్తే, కండరం అప్పటికీ కదిలింది. ఖర్చయింది సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్!

ఆయన 1948లో న్యూయార్కులో పోయారు. 1995లో శతజయంతికి మన దేశం తపాలా బిళ్ళ వేసింది. మీ నాన్నగారు చెప్పినదాన్ని మీ అమ్మాయి క్లాసులో ధైర్యంగా చెప్పవచ్చు, లోమన్ పేరు కూడా కలిపి చెప్పమనండి.

అలిపిరి మెట్లు 3,550 ఎక్కి, నడిచే దిగాను. మర్నాటికి తొడలు కదలనివ్వలేదు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది, నిమ్మరసం తాగమన్నారు. నిజమేనా?
– గృహిణి, ఒంగోలు

నిమ్మరసం దాహానికి మంచిదే, తాగండి. నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణం కాదు. మెట్లు ఎక్కేటప్పుడు కండరం అడిగినంత వేగంగా ఆక్సిజన్‌తో పని నడవకపోతే, గ్లైకాలసిస్‌తోనే సరిపెట్టుకుంటుంది. అప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. కానీ మీరు కూర్చుని అలుపు తీర్చుకున్న గంటలోపే అది రక్తంలోకి పోతుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజు చేసుకుంటుంది. మర్నాడు వచ్చి రెండు మూడు రోజులుండే నొప్పి, కండరం పోగుల్లో సన్నటి చిరుగులు పడి వాచడం వల్ల. అదీ ఎక్కువగా దిగేటప్పుడు, బిగిసిన కండరం సాగుతూ బరువును ఆపేటప్పుడు. మెల్లగా అటూ ఇటూ నడవండి, తగ్గిపోతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఆరు నెలల్లో 10 కిలోలు తగ్గాను. ఆ కొవ్వంతా ఎటు పోయింది? వేడిగా మారిందంటున్నారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

మీరు దాన్ని ఊదేశారు. తగ్గినదంతా కొవ్వే అనుకుందాం. 10 కిలోల కొవ్వు శ్వాసక్రియలో విడిపోతే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ముక్కులోంచి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరై, చెమటగా, మూత్రంగా వెళ్తుంది. ఈ లెక్కను 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేసి చూపించారు. శక్తి వేడిగా పోతుంది, పదార్థం మాత్రం గాలిగా, నీరుగానే పోవాలి. అలాగని గబగబా ఊపిరి తీస్తే బరువు తగ్గదు, కళ్ళు తిరుగుతాయి. కణం ఖర్చుపెట్టిందే ఊపిరిలోకి వస్తుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. డీఎన్‌పీ అనే పసుపురంగు రసాయనాన్ని బరువు తగ్గించే మందుగా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళున్నారు. ఇందాక చెప్పిన ప్రోటాన్ల డ్యాముకు అది చిల్లులు పొడుస్తుంది. ప్రోటాన్లు టర్బైను తిప్పకుండానే కారిపోతాయి. కొవ్వు కరుగుతుంది నిజమే, కానీ శక్తంతా వేడైపోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని వాడి, ఒళ్ళు పెనంలా కాలిపోయి కొందరు చచ్చిపోయారు. కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. 1938కల్లా ఆపేశారు. దానికి విరుగుడు లేదు. మీ జిమ్ములో ఎవరైనా ఇస్తే తీసుకోకండి, తీసుకునేవారిని ఆపండి.

రాత్రి చెట్టు కింద పడుకుంటే చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడుకు ఊపిరాడదా?
– ఒక పాఠకుడు, కడప

ఆరుబయట భయమేమీ లేదు. చెట్టు వదిలేది గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో పక్కన పడుకున్న మనిషి వదిలేది కుండీలో మొక్క వదిలేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాము, పుట్ర చూసుకోండి.

వానకు తడిసిన వడ్లు కుప్ప చేసి టార్పాలిన్ కప్పినం. రెండు రోజులకు లోపల చెయ్యి పెడితే కాలుతున్నది. కప్పి పెట్టిన కుప్పకు వేడి ఎక్కడిది?
– రైతు, నల్గొండ జిల్లా

వడ్లు బతికే ఉన్నాయండీ. ఎండిన గింజ ఉందా లేదా అన్నంత మెల్లగా శ్వాసక్రియ చేస్తుంది. తడి తగలగానే మొలకెత్తే వేళయిందనుకుని జోరు పెంచుతుంది. దాని మీది బూజు ఇంకా జోరు. గింజలోని పిండిపదార్థం ఒక గ్రాము ఖర్చయితే వేడితోపాటు అర గ్రాముకు పైగా నీరు పుడుతుంది. ఆ నీరు పక్క గింజను తడుపుతుంది, ఆ వేడి దాన్ని తొందరపెడుతుంది. టార్పాలిన్ రెండిటినీ బయటకు పోనివ్వదు. రంగు మారడం, ముక్క విరగడం, తూకం తగ్గడం అన్నీ దీని నుంచే. తగ్గిన తూకం కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసిపోయింది.

వాన వెలిసిన వెంటనే టార్పాలిన్ తీసి, పలచగా నెరిపి, గంటకోసారి తిరగేయండి. ఎండ లేకపోయినా గాలి తగిలితే వేడి దిగుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటే తీసుకుంటారు. ఇంట్లో నిల్వ పెట్టుకునేవి మాత్రం 14 శాతానికి దింపాలి. మళ్ళీ కుప్ప పోశాక పైపైన చూసి వదిలేయకుండా, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి చూడండి.

మా తాత ధాన్యం పాతర తెరిచాక గంటసేపు ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. పెద్ద వేపకొమ్మ తాడుకు కట్టి లోపలికి దింపి, పైకీ కిందికీ ఊపేవాడు. గాలి దయ్యం పోవాలనేవాడు. అదేమైనా ఆచారమా?
– రిటైర్డ్ ఉద్యోగి, ప్రకాశం జిల్లా

పైన నల్గొండ రైతుకు చెప్పిందే, నెలల తరబడి, మెల్లగా, మూసిన గోతిలో. గింజలు, వాటిలోని పురుగులు, బూజు కలిసి పాతరలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి, కార్బన్ డయాక్సైడు నింపుతాయి. ఆక్సిజన్ లేక పురుగు చస్తుంది. పాతరలో ధాన్యం ఏళ్ళ తరబడి చెడకుండా ఉండేది అందుకే. అదే గాలిలోకి మనిషి దిగితే అతనూ అలాగే పడిపోతాడు. కార్బన్ డయాక్సైడు గాలికంటే బరువు కాబట్టి మూత తీసినా అడుగునే ఉండిపోతుంది. మీ తాతగారి వేపకొమ్మ ఆ గాలిని కలియబెట్టి, పైగాలిని లోపలికి లాగింది. చాలా తెలివైన పని చేశారాయన.

ఇప్పుడు పాతరలు కనబడవు. కానీ పాడుబడ్డ బావులు, సెప్టిక్ ట్యాంకులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. లాంతరు దింపితే ఆరలేదు కదా అని దిగకండి. దీపం ఆర్పని విషవాయువులు కూడా ఉంటాయి. లోపల ఒకరు పడిపోతే వాళ్ళను పట్టుకోవడానికి రెండోవాళ్ళు దిగకూడదు. తండ్రి వెనక కొడుకు, అన్న వెనక తమ్ముడు పోయేది అక్కడే. పైనుంచే తాడు వేయండి, ఫ్యాను పెట్టి గాలి కొట్టండి, 101కి ఫోన్ చేయండి.